గడువు కాగితం

సాయినగర్ ఆస్పత్రి నుంచి మళ్లా కాగితం వచ్చినాది.
మూడు గళ్లు.
ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి
ఇద్దరమూ సంతకం చేయాలంట, నెలాఖరులోపల.

మొదటిది, ఇంకో ఏడాది ఉంచుకుంటామని.
ఎంత కట్టాల్నో పక్కనే అచ్చేసినారు.
పోయిన ఏడు శనక్కాయ ఎండిపోయినా కట్టినాము.
రెండోది, పరిశోధన చేసేవాళ్లకు ఇస్తామని.
మూడోదాంట్లో ఒకటే ఇంగ్లీషు మాట.
దానికి తెలుగేమని అడిగితే
ఓబులేసు చానాసేపు టీ గ్లాసు తిప్పి
"తీసేయడం" అన్నాడు.

ఆయప్పకు ఈ చలి కొత్త కాదు.
పదహారేండ్లుగా బండి వెనక కట్టుకొని తిరుగుతాండాడు.
ఉరవకొండ నుంచి వజ్రకరూరు దాకా
ఎవురి ఎనుము ఎదకొచ్చినా ఫోను ఈయనకే.
క్యాను మూత తీస్తే తెల్లటి పొగ,
పొగలోంచి పటకారుకు ఒక సన్నపుల్ల,
దాన్ని గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం.
పది నెలలకు ఆ ఇంట్లో జున్ను.

మా ఇంట్లో పదకొండేండ్లు ఏమీ లేదు.
ఊరి పాడికంతా కడుపు చేసేటోడని
పాలకేంద్రం కాడ నవ్వినారు.
ఆయప్పా నవ్వినాడు, క్యాను దించకుండానే.

తర్వాత సూదులు, అప్పులు, అనంతపురం బస్సులు.
చివరికి ఐదు నిలిచినాయన్నారు.
తెర మీద చూపిస్తే
కుంకుడు నురగలో బుడగ మాదిరి ఉండాది ఒక్కోటి.
ఐదింట్లో ఒకటి హంసిని.
రెండో తరగతి, ముందు పండ్లు రెండూ ఊడినాయి.
మిగతా నాలుగు దానికేమవుతాయి?
చెల్లెండ్లా, కవలలా?
ఒకే పొద్దు పుట్టినవాటికి పెద్దా చిన్నా ఏముంటాది?
ఆ పొద్దు అద్దంలో చూసి
"ఇది బాగుండాది" అన్నాడంట ల్యాబు పిల్లోడు.
అంతే. వేలు ఇంకో పక్కకు పోయుంటే
నేను ఇప్పుడు ఎవురికి జడేస్తుంటినో.

నా గర్భసంచి తీసేసి రెండేండ్లాయె.
వాటికి చోటు అక్కడే ఉండాది, నాలో లేదు.
మా చెల్లెలు బిడ్డల కోసం తిరుగుతాంది,
దానికియ్యండంటే చట్టం ఒప్పదన్నారు.

ఒకతూరి ఎండాకాలం క్యాను లీకై
ముప్పై పుల్లలు చెడిపోయినాయి.
ఆ రాత్రి ఆయప్ప సద్దిగిన్నె ముట్టలేదు.
జీతంలో పట్టుకుంటారని బాధేమో అనుకుంటి.

నిన్న పిల్ల పండుకున్నాక
జేబులోంచి రిజిస్టరు పెన్ను తీసినాడు.
మొదటి గడి మీద కొంచేపు ఆగినాడు.
"ఎన్నేండ్లు కడదాం సుంకులమ్మీ" అన్నాడు.
నేనేం పలకలా.
ఇంకో ఏడాది అనే మాట నోటిదాకా వచ్చినాది,
వచ్చి, ఈదిలో కుక్కల అరుపు విని నిలబడిపోయినాది.

మూడో గళ్లో టిక్కు పడింది.
పెన్ను మాత్రం లేయలా.
అడుగున మిగిలిన ఖాళీలో
ఎనుముల రిజిస్టరులో రాసే గుండ్రటి తెలుగులో
ఒక వాక్యం రాసి, కాగితం నా పక్కకు తిప్పినాడు.

"తీసేసే ముందు గోరువెచ్చని నీళ్లలో
అర నిమిషం పెట్టవలెను."

రెండుసార్లు చదివినా.
కింద నా పేరు పెట్టినా.
హంసిని చెప్పు తెగింది,
రేపు పోయేటప్పుడు కుట్టించుకొని రమ్మని చెప్పినా.