మూడు దవడలు, ఆరు

పర్లాకిమిడిలో మా ఇంటి వెనక వసారా.
అందులో నాలుగున్నర అడుగుల లేత్ మిషను,
బరంపురంలో మూతబడ్డ వర్క్‌షాపు నుంచి
కాటా వేసి తుక్కు ధరకి తెచ్చుకున్నది.
దాని నెత్తిన వంద క్యాండిల్ బల్బు,
సైకిల్ మడ్‌గార్డు రేకు వంచి చేసిన టోపీ.

ఆ బల్బు వెలుగు ముద్దపప్పు.
అన్నీ పచ్చగా, అన్నీ మెత్తగా.
నుదురు కాలేది. ఉసిళ్లు వచ్చి
కటింగ్ ఆయిల్లో పడి చచ్చేవి.
టూలు మొన దగ్గర, సరిగ్గా చూడవలసిన చోట
నా తల నీడ.
తల తిప్పితే చెయ్యి నీడ.
చెయ్యి తీస్తే ఇక పనేముంది.

మధ్యలో ఒక ఏడాది ట్యూబులైటు కట్టాను.
తెల్లగా బాగుందనే అనుకున్నాను.
ఒక సాయంత్రం బెల్టు మార్చి వేగం పెంచి
చూద్దును గదా, చక్కు ఆగి ఉంది.
మూడు దవడలుండవలసిన చోట ఆరు,
పువ్వు రేకుల్లా, కదలకుండా.
మోటారు హోరు చెవిలో ఉంది.
కన్ను మాత్రం ఆగిందని ఒట్టేసింది.
చెయ్యి చాచాను.
గుండీ తెగి గోడకి టప్పున తగిలింది.
గుండీతో సరిపెట్టుకుంది మిషను.
అది ఇప్పటికీ డ్రిల్లు బిట్ల డబ్బాలోనే ఉంది.
ఆ రాత్రే ట్యూబు పీకి వంటింట్లో పెట్టాను,
అక్కడ తిరిగేదేమీ లేదు గదా అని.
"మిక్సీ తిరగదేటి?" అంది రాజులమ్మ.

తర్వాత చత్వారం వచ్చింది.
వెర్నియర్ గీతలు చీమల బారులా కలిసిపోయాయి.
అద్దాలు మార్చమన్నాడు సుదాం సబర.
మార్చాను. గీతలు పెద్దవయ్యాయి.
నీడా పెద్దదైంది.

మహేంద్రతనయ దాటి పాతపట్నం పోయాను.
దుకాణం కుర్రాడు అయస్కాంతం కాలున్న లైటు చూపించి
ఎక్కడైనా అంటుకుంటుందన్నాడు.
అదే నా భయం నాయనా,
ఇనుప రజనంతా దానికే అంటుకుంటుంది.
రెండు ఎల్‌ఈడీ పట్టీలు, ఇరవై నాలుగు వోల్టుల డబ్బా,
పాత కిటికీ అల్యూమినియం ముక్క.
ఒక పట్టీ ఎడమన, ఒకటి కుడిన,
ఒకదాని నీడని ఇంకోటి తినేసేలా బిగించి
స్విచ్చి వేశాను.

కాశీనగర్ పిండిమరకి తీసిన బుష్షు బల్ల మీద ఉంది.
అద్దంలా వచ్చిందని నిన్ననే ఫోను చేసి చెప్పాను.
ఇప్పుడు చూస్తే దున్నిన చేను.

తర్వాత మిషను పట్టాల మీద,
చక్కుకి దూరంగా, ఎవరికీ పని పడని చివర
చిన్న చిన్న అర్ధచంద్రాలు, వరసగా.
ఎప్పుడో ఎవరో వంగి, గీకుడు ఉలితో
ఒక్కొక్కటిగా చేత్తో వేసినవి.
ఎన్నేళ్లుగానో నూనె గుడ్డ పెట్టి తుడుస్తున్నాను వాటిని,
ఉన్నాయని తెలీకుండా.
చక్కు దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ లేదు.
నున్నగా, గోరు పెడితే తెలిసేంత పల్లం.

పదకొండేళ్లుగా నా షాఫ్టులు
వెంట్రుకవాసి ఏటవాలు పోతుంటే
చెయ్యి వణుకుతోందనుకున్నాను.
ఎవరికీ చెప్పుకోలేదు.
దానికోసమే సాయంత్రం పూట చుక్క కూడా మానేశాను.
ఆ సాయంత్రాల లెక్క
ఇప్పుడు ఎవర్ని అడగాలి?

పిల్లి వచ్చింది.
రోజూ బల్బు వేడికి గేరుపెట్టె మూత మీద పడుకుంటుంది.
లైటు వంక చూసింది, మూత వాసన చూసింది,
నా వంక చూసింది
కరెంటు ఆఫీసు వాణ్ణి చూసినట్టు.

పాత బల్బుని మూల మేకుకి వేలాడదీసి
కింద గోనె పరిచాను.
బుష్షు మళ్లీ చక్కులో బిగించాను.
ఇంకా ఒక్క సన్నకోతకి ఇనుము మిగిలుంది.
పల్లం ఎక్కడుందో తెలిసిన చెయ్యి
కొంచెం ఆగి, టూలుని అటు జరిపింది.