ట్యాంకు నెంబరు పద్నాలుగు

విశాఖలో కిటికీలన్నీ సముద్రం వైపు తెరుచుకోవాలని చూస్తాయి.
మా ల్యాబుది మాత్రం సైకిల్ స్టాండు వైపు.
ఉప్పుగాలికి గొళ్ళేలు తుప్పుపడుతుంటాయి,
లోపల మంచినీటి చేపలు
సముద్రం ఊసే తెలియకుండా పెరుగుతుంటాయి.

వాటి తల్లుల్ని మేఘాద్రిగెడ్డ నుంచి తెచ్చింది నూకరత్నం,
మూతకి గుడ్డ కట్టిన సత్తు తపేలాలో, సిటీ బస్సులో,
కండక్టరుతో తగువాడుతూ:
"సేపకి టికెట్టేటి బాబూ,
అది నిలబడ్డదా, కూకున్నదా?"

నా పని చిన్నది.
తోక అంచు గోటి చివరంత కత్తిరించడం,
అందులోని దారాన్ని విడదీయడం,
జెల్ పలక మీద పరిగెత్తించడం.
చీకటిగదిలో, నీలి దీపం కింద,
ఒక గీత వెలిగితే ఆడ.
రెండు వెలిగితే మగ.

నైలు తిలాపియాది మన లెక్కే, తేల్చేది తండ్రి.
నీలి తిలాపియాది కోళ్ళ లెక్క, తేల్చేది తల్లి.
ఆ రెంటికీ జత కలిపితే ఒక్కోసారి
గుడ్డు పొదిగిన ప్రతిదీ మగదే.
ఇక జీబ్రా చేపల్ని తరతరాలు గాజుపెట్టెల్లో పెంచేసరికి
తేల్చే క్రోమోజోమే ఎక్కడో జారిపోయిందట.
అయినా ఆడవీ మగవీ పుడుతూనే ఉన్నాయి,
తాళంచెవి పోయిన ఇంట్లో
జనం మామూలుగా తిరుగుతున్నట్టు.

నూకరత్నానికి జెల్ అక్కర్లేదు.
చేపని అరచేతిలో వెల్లకిలా తిప్పి
బొటనవేలితో అదిమి
"రెండు బొక్కలు, పోతు.
మూడు బొక్కలు, పెంటి" అంటుంది.
ఎప్పుడూ తప్పలేదు.

మే నెలలో నాకు టైఫాయిడ్.
పద్నాలుగో ట్యాంకు హీటరు మీట ఇరుక్కుపోయి
ముప్పై ఆరు డిగ్రీల నీళ్ళలో
పదిరోజులు ఈదాయి, కంటిరెప్ప వెంట్రుకంత పిల్లలు.
ఎవరూ చూడలేదు.

పెరిగాక వాటిలో ఒకదానికి
జెల్ మీద ఒకే గీత.
నూకరత్నం వేలికింద రెండే బొక్కలు.
"పోతు" అంది తను.
"ఆడ" అన్నాన్నేను.
మళ్ళీ చేశాను. మళ్ళీ ఒకటే గీత.
తను మళ్ళీ తిప్పి చూసింది, చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని
"నీ మిసను సదివింది పుట్టక.
నాను సూసింది బతుకు" అంది.
నోట్‌బుక్కులో మాత్రం ఒక్కటే గడి.

ఆ సాయంత్రం తనని బస్సెక్కించడానికి వెళ్తుంటే
స్కానింగు సెంటరు గోడ మీద బోర్డు:
లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం.
ఏటుందక్కడ, అంది. చదివాను.
అవి నా థీసిస్ పేరులోని మాటలే.
నా చేతులకింకా నీచు వాసన.

రాత్రి నిద్ర పట్టక వాక్యం తెలుగులో రాసి చూశాను.
చేప వచ్చింది. పోతైనా, పెంటైనా, వచ్చింది.
నూకరత్నం వచ్చింది.
ఆవిడ మొగుడు అప్పలకొండ వచ్చాడు.
ఒంటరిగా ఉంటే ఆమెకీ చేపకీ ఒకటే క్రియ.
పదిమంది ఆడాళ్ళు కలిసి రేవులో దిగితే మాత్రం
వచ్చారు.
చేపలు ఎన్నైనా
వచ్చాయి.
లెక్క మారితే లింగం మారే భాష
పుట్టిన దగ్గర్నుంచీ నా నోట్లోనే ఉంది.
ట్యాంకులో దాన్ని చూసి
అంత ఉలిక్కిపడ్డానెందుకో.

పొద్దున్న వెళ్ళేసరికి
ఆ ఒంటిగీత చేప
గులకరాళ్ళని నోటితో ఒక్కొక్కటే తీసి
పళ్ళెమంత గుంట తవ్వి
మధ్యలో కాపలా ఉంది.
అద్దం మీద వేలు పెడితే వేలి మీదికి దూకింది.
పక్క ట్యాంకులోని ఆడచేపని తెచ్చి వదిలాను.

గడిలో పెన్సిలుతో రాసింది చెరిపి
తేదీ వేసి
"గుంట తవ్వింది" అని రాశాను.
పుట్టబోయేవన్నీ ఆడపిల్లలేనని నూకరత్నానికి చెబితే
నవ్వి, తపేలా ఎత్తుకుంది.
"ఈసారి టికెట్టు కొంటాన్లే."