శుక్రవారం సంతకం

శుక్రవారం నాలుగింటికి
రెండు నోటుపుస్తకాలు నా బల్ల మీదికి వస్తాయి.
వారమంతా ఏం నేర్చుకున్నారో వాళ్లు రాయాలి,
యజమానిగా నేను చదివి సంతకం పెట్టాలి.
జర్మనీలో అది చట్టం. సంతకం లేని పుస్తకంతో
పరీక్ష గది గడప తొక్కనివ్వరు.

ఓన్నో పుస్తకం ఇంకా సొరుగులోనే ఉంది.
"సోమవారం ఊడ్చాను. మంగళవారం ఊడ్చాను.
బుధవారం జిగురు కాచాను. మాడింది. ఊడ్చాను."
పదిహేడు వారాల ఊడ్పుకి
పదిహేడు సంతకాలు పెట్టాను, ఒక్కటీ చదవకుండా.
పద్దెనిమిదో వారం వాడు రాలేదు.
చేతివృత్తుల మండలి కారణం అడిగితే
"ఆసక్తి లేదు" అని రాశాను.
ఎవరికి లేదో రాయలేదు.

మా వైపు టీలో మీగడ వేస్తాం, కలపం.
ముందు మీగడ, తర్వాత చేదు, అడుగున కలకండ.
శిష్యరికమూ అంతేనని మా గురువు అనేవాడు.
అడుగుదాకా తాగేలోపే పనికి పిలిచేవాడు.

జనవరిలో, సముద్రపు గట్టు కిందున్న చర్చిలో
ఆర్గన్ శ్రుతి చేయడానికి వీబ్కెని తీసుకెళ్లాను.
నేను లోపల, గొట్టాల మధ్య పక్కకి ఒదిగి,
చేతిలో ఇత్తడి శంకువు.
ఆమె బయట మెట్ల ముందు, చేతులకు తొడుగుల్లేకుండా.
నేను "ఊఁ" అంటే తర్వాతి మెట్టు.
రోజుకి ఆరు గంటలు
ఒక వేలు, ఒక స్వరం, ఒక "ఊఁ".
వేలు నొక్కినందుకు ఇంత జీతమా అని
లోపల లెక్క కూడా వేసుకున్నాను, దాచను.

మూడో రోజు అన్నిటికన్నా చిన్న వరస.
చిటికెన వేలంత గొట్టాలు.
శంకువుతో ఒకసారి తట్టి "ఊఁ" అన్నాను.
స్వరం మారలేదు.
"ఊఁ!" అన్నాను, గట్టిగా.
వేలు తీయలేదు.
చలికి బిగుసుకుపోయిందేమోనని విసుక్కుంటూ
ఊరికే ఇంకోసారి తట్టాను.
అప్పుడు కదిలింది.

తర్వాతి దానికీ అంతే. ఆ తర్వాతి దానికీ.
ఏడో గొట్టం దగ్గర తెలిసొచ్చింది:
కలిసిపోయిందని నేననుకున్న చోట
ఇంకా ఏదో కొట్టుకుంటోంది, పురుగు రెక్కలా,
నా చెవికి అందనంత పైన.
అరవై ఒకటి నాకు. నలభై నాలుగేళ్లు ఈ గొట్టాల పక్కనే.
చెవులు చెప్పకుండా వెళ్లిపోయాయి, ఓన్నో లాగే.

తిరుగు దారిలో ఎమ్డెన్ దాటాక
"ఆకలిగా ఉందా?" అని అడిగాను.
"ఉంది" అంది.
అంతకు మించి మాటల్లేవు.

శుక్రవారం ఆమె పుస్తకం తెరిచాను.
"సోమవారం నుంచి బుధవారం దాకా
మెట్లు నొక్కి పట్టుకున్నాను."
గుండ్రటి దస్తూరీ, ఎక్కడా తొణకలేదు.
పంతొమ్మిదేళ్ల పిల్ల
నా పరువుని ఒక్క వాక్యంలో మడిచి పెట్టింది.

సంతకం పెట్టేస్తే సరిపోయేది.
కింద ఒక గడి ఉంటుంది, యజమాని వ్యాఖ్యకి.
నేను నేర్చుకునే రోజుల్లో నా గడిలో ఎవరూ ఏమీ రాయలేదు,
నేనూ ఎవరి గడిలోనూ రాయలేదు.
పెన్ను రెండుసార్లు విదిలించాను.
"చివరి వరసని శ్రుతి చేసింది వీబ్కె.
శంకువు పట్టుకున్నది నేను."
అక్షరాలు గడి దాటిపోయాయి.
మండలి వాళ్లు అడుగుతారు. అడగనీ.

రెండో పుస్తకం యెల్టోది. వాడింకా ఊడుస్తున్నాడు.
అదీ చదివాను, మొదటి పేజీ నుంచి.

సోమవారం బండిలో సామాను సర్దుతూ
శంకువుల పెట్టె ఆమె చేతికిచ్చాను.
"మెట్ల దగ్గర నేను కూర్చుంటా" అన్నాను.

"ఊఁ" అంది.