నాలుగు శాతం

కైరో రోడ్డులో మూడో అంతస్తు.
గోడ మీద తెర, తెర మీద తొమ్మిది ఊళ్లు,
తొమ్మిది ఆకుపచ్చ గళ్లు.
విత్తనాల సంఘం లెక్కలన్నీ ఆ ఊళ్ల ఇరుకు గదుల్లో ఉంటాయి.
లెక్కల కాళ్ల దగ్గర ఒక్కో యూపీఎస్
కుక్కలా ముడుచుకు పడుకుని
అరనిమిషానికోసారి నాకు కబురంపుతుంది:
కరెంటు ఉంది. ఉంది. ఉంది.

లేనప్పుడు కూడా అంతే నింపాదిగా చెబుతుంది.
దానికి కంగారు తెలీదు. కంగారు నా ఉద్యోగం.

ఈ ఏడు కరీబాలో నీళ్లు అడుగంటాయి.
కోతల పట్టిక వారం వారం మారుతుంది,
ఎవరూ నమ్మరు, అందరూ ఫోన్లో దాచుకుంటారు.
చిపాటాలో పోతే ఒక గడి పసుపు.
కసామాలో పోతే ఇంకొకటి.
ఒక్కో రాత్రి తెరంతా పొద్దుతిరుగుడు చేను.
నేను టీ చల్లార్చుకుంటూ నిమిషాలు లెక్కపెడతాను.
ఇరవై శాతానికి దిగితే సర్వర్‌కి చెప్పాలి:
రాస్తున్న వరస పూర్తి చెయ్, పుస్తకం మూసెయ్, పడుకో.
మూడు నిమిషాల్లో పడుకుంటుంది.
మనుషుల్లో ఇంత మర్యాదగా పడుకునేవాళ్లని నేను చూళ్లేదు.

జూన్ రెండో వారం
చోమా గీత కొంచెం లేచింది.
ముప్పై ఒకటి ఉండాల్సిన లోడు ముప్పై అయిదు.
సాయంత్రం ఆరుకి లేస్తుంది, పొద్దున ఆరున్నరకి దిగుతుంది,
ఆదివారాలు కూడా.
యంత్రాలు ఇంత బుద్ధిగా పాడవ్వవు.
నలభై రెండు నిమిషాల నిలవ ముప్పై ఏడుకి వచ్చింది.
అయిదు నిమిషాలు ఎవరో తింటున్నారు.

ఫోన్ చేస్తే కాపలాదారు సియాచితేమ ఎత్తాడు.
"ఆ గదిలో ఏముంది?"
"ఏమీ లేదు మేడం."
ఆ ఏమీ లేకపోవడం వెనక
కిచకిచ.

తనకీ వినబడింది కాబోలు, కాసేపాగి చెప్పాడు.
అట్టపెట్టె. పద్నాలుగు కోడిపిల్లలు. నలభై వాట్ల బల్బు.
"ఇక్కడి చలి మీ లుసాకా చలి కాదు మేడం.
పోయిన నెల కుంపటి పెట్టి చూశాను,
పొగకి పదకొండు పోయాయి.
ఊరంతా చీకటైనా మీ పెట్టె దగ్గర వెలుగుంటుంది కదా అని..."

ఫిర్యాదు ఎలా రాయాలో నాకు తెలుసు.
తేదీ, ఊరు, అనుమతి లేని వాడకం, పేరు.
కపెంబ్వా గారు సంతకం పెట్టేస్తారు,
ఆయన పెన్నుకి మూత ఎప్పుడూ తీసే ఉంటుంది.

ఆ రాత్రి పదింటికి చోమాలో పోయింది.
ఎనభై. అరవై. నలభై ఒకటి.
ఇరవై దగ్గర సర్వర్‌ని పడుకోబెట్టాను.
తర్వాత యూపీఎస్‌ని కూడా ఆపెయ్యాలి, పద్ధతి అది.
అడుగుదాకా తోడితే బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది,
తొమ్మిది ఊళ్లకీ ఆ మాట రాసి పంపింది నేనే.
మీట మీద వేలు పెట్టి
తీసేశాను.

గీత నిటారుగా జారింది.
నేల మీద పడుతుందనుకుంటే
నాలుగు దగ్గర ఆగింది.
మూడు వందల కిలోమీటర్ల అవతల
ఒక అట్టపెట్టె అంత వెడల్పున, అంత సన్నగా.
ఇంకా యాభై ఎనిమిది నిమిషాలు, అంది తెర.
కరెంటు వచ్చేది నాలుగింటికి.

మళ్లీ ఫోన్ చేశాను.
"పదకొండున్నర దాకా ఉంటుంది. ఈలోపు నీళ్లు కాచి సీసాల్లో పొయ్యి,
గుడ్డ చుట్టి పక్కన పెట్టు, పైన గోనె కప్పు, గాలి ఆడేలా."
"మేడం నసిలేలె, మీరూ కోళ్లు పెంచారా?"
"లేదు. బ్యాటరీలు."

పదకొండూ ఇరవై ఆరుకి చోమా గడి నల్లబడింది.
ఇంకో ఎనిమిది ఊళ్లున్నాయి, వాటిని చూశాను.
చూశాననే అనుకుంటున్నాను.

నాలుగూ పదికి ఆకుపచ్చ. ముప్పై అయిదు.
హెచ్చరిక గీతని ముప్పై మూడు నుంచి ముప్పై ఆరుకి జరిపాను.
పొద్దున్నే మెసేజ్ వచ్చింది, ఒకే ఒక్క అంకె:
పన్నెండు.
రిజిస్టర్లో దానికి గడి లేదు.
వోల్టేజీ కింద వెయ్యలేను, నిమిషాల కింద వెయ్యలేను.
ఫోన్ జేబులో పెట్టుకుని
మినీబస్సు ఎక్కాను.