తూకం దగ్గర

హొక్కైదో తీరాన, గులకరాళ్ళ మీద
కొంబు నాచు ఆరబెట్టి మధ్యాహ్నానికి ఏరుకొస్తాం.
సెయిగో కత్తిరిస్తాడు, నేను తూకం వేస్తాను.
వంద గ్రాములు. ఒక్క గ్రాము ఎక్కువైనా
వాడికి వెంటనే ఎవరో చెబుతారు.

పందొమ్మిదో ఏట వచ్చిందా గొంతు,
రేవులో పొగమంచు సైరను మోగిన రాత్రి.
ముందు పేరు పెట్టి పిలిచిందట,
తర్వాత తిట్టిందట,
ఆ తర్వాత టీవీలో వార్తలు చదివే ఆవిడ కూడా
వాడి గురించే చదవడం మొదలుపెట్టింది.

"ఎవరూ లేరురా" అన్నాను.
ఏడేళ్ళు అదే మాట అన్నాను.
లేరన్నకొద్దీ అది హెచ్చింది,
నా మాటే వాడికి వినపడ్డం మానేసింది.

ఇప్పుడు మందులున్నాయి. చేతి వణుకుంది,
నోరెండిపోతుంది, నడుం చుట్టూ ఒళ్ళొచ్చింది.
గొంతు పూర్తిగా పోలేదు,
పక్కింటికి మారింది, అంతే.
గోడ అవతల గొణుగుతుంది.
ఈ షెడ్డులో అందరూ దాన్ని 'గారు' అంటారు,
మర్యాదిస్తే కాస్త మెత్తబడుతుందని.
నేనూ అడుగుతాను, ముల్లు చూస్తూ:
"ఏమంటున్నారివాళ వారు?"
"నాచు తడిగా ఉందంటున్నారు."
నిజమే, తడిగానే ఉంది.

నిన్న టీ పోస్తుంటే అడిగాడు,
"అక్కా, నీకెవరూ ఏమీ చెప్పరా?"

అంబులెన్సు తలుపు నేనే మూసిన రాత్రినుంచి
ఒకటే మాట, నా గొంతుతోనే.
ఏ డాక్టరుకీ చెప్పలేదు.

"చెబుతారు" అన్నాను.

సెయిగో కత్తెర పక్కన పెట్టాడు.
వణికే చేత్తో ఇంకో కప్పు తీసి
నా పక్కన ఖాళీ చోట పెట్టాడు.
"గారు అను అక్కా, కొంచెం తగ్గుతారు."

ముల్లు తొంభై ఎనిమిది దగ్గర ఆగింది.
ఇంకో ముక్క వెయ్యాలి.