నవంబరు ఇరవై ఐదు, పిట్స్‌బర్గ్

పొద్దున ఏడింటికి
మనాంగహేలా మీద పొగమంచు ఇంకా లేవలేదు.
డెనిస్ హ్రబోవ్‌స్కీ ఎర్రకోటు తొడుక్కుంటున్నాడు.
పొట్ట దగ్గర ఒక గుండీ పట్టలేదు.
"పోయినేడు పట్టింది" అన్నాడు,
తప్పు చరిత్రదే అన్నట్టు.

ముప్పై ఏళ్ళు ఉక్కు కరిగించిన చేతులు
ఇప్పుడు ఏడాదికోసారి
రాజుగారి తరఫున ఉత్తుత్తి తుపాకీ పేలుస్తాయి.
ఏ రాజని అడిగితే
"ఆ జార్జిల్లో ఒకడు" అంటాడు.

గడ్డిలో ఒక రాతి గీత.
కోట అంటే ఇప్పుడు అదే.
ఫ్రెంచివాళ్ళు తామే నిప్పుపెట్టి వెళ్ళిపోయారట,
ఇంగ్లీషువాళ్ళు వచ్చి
బూడిదని గెలుచుకున్నారు.

వంతెనల బోల్టులు తనిఖీ చేసే ఉద్యోగం నాది.
గీత వెంట నడుస్తూ
అలవాటుకొద్దీ పగుళ్ళు వెతుకుతాను.
ఈ నేల మీద ముందునుంచీ తిరిగిన లెనపేలకి
సమాచార ఫలకం మీద ఒకటిన్నర వాక్యం.
అదీ కొలిచాను.

డెనిస్‌తో చెప్పాను:
ఇది తగలబడిన రెండు వారాలకి
ఇవే రెండు జెండాలు
మా చందుర్తి చేలల్లో కొట్టుకున్నాయి.
"ఎక్కడా?"
గొల్లప్రోలు పక్కన.
మొహంలో ఏమీ వెలగలేదు.
పిఠాపురం అన్నాను. సముద్రం దగ్గర అన్నాను.
చివరికి బూటు మడమతో నేలని తట్టి
దీనికి అటుపక్క అన్నాను.

అక్కడా ఎర్రకోట్లే,
లోపలున్నది మాత్రం మనవాళ్ళు.
రంగు చూసి దొరలే అనుకుని
వాళ్ళమీదికే దూకారట ఫ్రెంచివాళ్ళు.
ఆ పొరపాటుకి యుద్ధ గ్రంథాల్లో మంచి పేరుంది.
పొరపాటున పోయినవాళ్ళకే లేదు.
ఉత్తరాదిన ఆ రోజుల్లో
సిపాయిని తిలంగా అని పిలిచేవారు.
కూలికి పేలే తుపాకీకి
మా భాష పేరు పెట్టారు.

మా మేనత్త అచ్చియ్యమ్మకి
ఉల్లిమడిలో కలుపు తీస్తుంటే ఒక ఇనపగుండు దొరికింది.
కడిగి, పాతచీర పేలిక చుట్టి
మాగాయ జాడీ మూత మీద బరువు పెట్టింది.
ఫ్రెంచివాళ్ళదా ఇంగ్లీషువాళ్ళదా అత్తా, అంటే
"ఎవడిదైతేనేమే,
ఎలక దూరట్లేదు" అంది.

పదిన్నరకి తుపాకులు పేలాయి.
బాతులు ఒక్కుమ్మడిగా లేచి
ఒహాయో మీదుగా వెళ్ళిపోయాయి.
ఎవరి చేతిలోనో పిల్లాడు కెవ్వుమన్నాడు.
జనం చప్పట్లు కొట్టి
కాఫీ బండి దగ్గర వరస కట్టారు.

డెనిస్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు.
మీ ఊళ్ళో ఆ రోజు ఏం చేస్తారన్నాడు.
ఏమీ చెయ్యరు,
ఉల్లినారు వేసుకునే రోజులవి, అన్నాను.

కాసేపు నదికేసి చూశాడు.
"ఆ గుండు, ఎంత బరువుంటుంది?"

తెలీదు, ఎప్పుడూ తూచలేదు.
ఆరేళ్ళప్పుడు రెండు చేతులతో ఎత్తబోయి
కాలిమీద వేసుకున్నాను.

గుండీ ఊడిన ఎర్రకోటులో నిలబడి
డెనిస్ అరచేతులు రెండూ చాపి
పైకీ కిందికీ ఆడిస్తున్నాడు,
లేని ఇనుముని తూస్తూ.