చింతగింజల లెక్క

రెండు లక్షల ఎనభై ఏడువేల నాలుగొందల పదమూడు కాడ
మీటరు ఆగిపోయింది.
బండి ఆగలే.

అప్పటిసంది నా ఇండికాకు
కిలోమీటర్లు లేవు, గింజలే.
నర్సంపేట నుంచి వరంగల్ పోయొస్తే
హార్లిక్స్ సీసల ఒక చింతగింజ.
అరవై ఆరు గింజలైతే
పోచమ్మమైదాన్ ఎనుక గల్లీల
యాకూబ్ పాషా షెడ్డుకు.

ఈ లెక్క నాది గాదు, మా కనకలక్ష్మిది.
బీడీలు సుట్టిన చేతులాయె,
వెయ్యిల ఒక్కటి తక్కువైనా ఊకోవు.
"చెప్పులిడిసే ముందే గింజ వెయ్యి,
తిన్నంక యాదుండదు నీకు" అంటది.

మా తోడల్లుడు కొమురెల్లి నవ్వేటోడు.
తగ్గినంత పోస్తే సాలదా అన్నా, అనేటోడు.
ఆయన డిక్కిల డబ్బా ఎప్పుడుండేది
పోసుడే గాని దించుడు లేదు,
పాత చారులనే రోజిన్ని నీళ్లు పోసి కాగవెట్టినట్టు.
గూడెప్పాడ్ క్రాస్ రోడ్డు కాడ
పెండ్లోళ్లు ఎక్కి ఉండంగ
ఇంజన్ పట్టేసింది.
పెండ్లికొడుకు ఆటోల పోయిండు.
సంపు ఇప్పితే లోపట నూనె గాదు,
గారెలు గాల్చిన మూకుడు అడుగున మడ్డి.
అరవై రెండు వేలు.
ఆయన నవ్వుడు బందువెట్టిండు.
నేనూ నవ్వలే,
అండ్ల ఇరవై వేలు నా కాడనే తీస్కున్నడు.

మిర్చి సీజన్ల
ఎనుమాముల మార్కెట్ గేటు దాటంగనే
మనుషులతోపాటు బండి గూడ తుమ్ముతది.
ఎర్రఘాటు ఫిల్టర్ల కూసుంటది.
అప్పుడు యాభై గింజలకే పోత.
యాకూబ్ భాయ్ ఏమనడు.
గోనెసంచి పరిసి కిందికి జారుతడు,
బోల్టు ఇప్పుతడు.
వేడివేడిగ, నల్లగ, సన్నటి ధార.
నల్లా వచ్చిన దినం బిందెను సూసినట్టు
ఆ ధారనే సూస్తడు, రెప్ప ఎయ్యడు.
రెండు వేళ్ల నడుమ రుద్దుతడు,
ఎండకు పట్టి సూస్తడు
ఇనుపపొడి ఏమన్న మెరుస్తదేమోనని.
అప్పటిదాంక నా గొంతుల ఉమ్మి దిగది.
"ఛాయ్ జెప్పు" అన్నడంటే
ఇంకో అరవై ఆరు గింజలు బతికినట్టే.

మొన్న ఎండకాలం సెలవులల్ల
ఎనుకింటి పిల్ల సుప్రజ
సీస ఒంపుకొని వామనగుంటలాడింది.
సగం గింజలు ఇంకో వాడకట్టు పిల్ల
గెలుసుకొని పోయింది.
"ఎన్నుండె?" అన్నది కనకలక్ష్మి.
నలభై, అన్న.
యాభై మూడు, అన్నది.
మీటరు ఖరాబైన దినం గూడ
ఇంట్ల గింత లొల్లి గాలే.

తెల్లారి షెడ్డుకు పోతే
"ఎన్ని గింజలు?" అన్నడు యాకూబ్ భాయ్.
తెల్వదన్న.
పదమూడేండ్లల్ల ఆ మాట అనుడు అదే మొదలు.
ఆయన టార్చి ఆర్పిండు.
"లెక్క పోయినోడు ముందుగాల్ల మార్సుకోవాలె.
ఎనుక మార్సుకునేటోడు కొమురెల్లి."
పానాలు కడిగే పోరడు గూడ నవ్విండు.

దించిన నల్లనూనెను
ఊకల్ నుంచి వచ్చిన సదానందం క్యానుల పట్టుకపోయిండు
మేకల కొట్టం గుంజలకు పూసుకుంటడట,
చెద వట్టకుంట.
కొత్తది పోస్తుంటే
ఇప్పపూల మీది తేనె రంగు.
చాబి తిప్పితే కొద్దిగ దగ్గింది,
అటెంక సల్లవడ్డది.

పోయిన ఐతారం
పరకాల నుంచి ఒకాయన బండి కొననొచ్చిండు.
మీటరు సూసి ముఖం ఎలిగింది.
"రెండు ఎనభై ఏడేనా? పర్వాలే, తక్కువనే తిరిగింది."
నేను ఔననలే, కాదనలే.
కనకలక్ష్మి లోపటికి పోయి సీస తెచ్చింది,
ఆయన ముంగట గలగల ఊపింది.
"ఇసొంటివి ఇరవై ఆరు సార్లు నిండినయ్,
కలుపుకో."

ఆయన వేళ్ల మీద కలిపిండు.
మల్ల కలిపిండు.
ఛాయ్ గూడ తాగకుంట పోయిండు.

ఉత్తగ స్టార్టు జేసి సూపిచ్చినందుకు
గింజ వెయ్యాల్నా వద్దా అని
రాత్రిదాంక మా ఇద్దరికి పంచాయితి.